వీపీఎన్ కనెక్ట్ అయింది, పేర్లు మాత్రం తెరుచుకోవట్లేదు: విండోస్‌లో, ఉబుంటులో డీఎన్ఎస్ చిక్కు ఎక్కడుందో పట్టుకోవడం

మీ ప్రశ్న ఇది: విండోస్ 11 డెస్క్‌టాప్, ఇంట్లో ఫైబర్ నెట్, ఆఫీసువాళ్లు ఇచ్చిన ఓపెన్‌వీపీఎన్ ప్రొఫైల్. కనెక్ట్ చేయగానే ఐకాన్ ఆకుపచ్చగా మారుతోంది. ఆఫీసు పోర్టల్‌ని పేరుతో కొడితే రావట్లేదు, ఐపీ అడ్రస్‌తో కొడితే వస్తోంది. అప్పుడప్పుడు బయటి సైట్లు కూడా ఆగిపోతున్నాయి. ఎవరో చెప్పారని ఈథర్నెట్‌లో 8.8.8.8 (గూగుల్ డీఎన్ఎస్ సర్వర్, అంటే పేరు చెబితే దాని ఐపీ అడ్రస్ చెప్పే సర్వర్) పెట్టారు, తేడా లేదు. ఉబుంటు మెషీన్‌లో వైర్‌గార్డ్‌తోనూ ఇదే తంతు.

ముందు ఆ 8.8.8.8 తీసేయండి. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, ఈథర్నెట్, డీఎన్ఎస్ సర్వర్ అసైన్‌మెంట్, ఎడిట్, ఆటోమేటిక్. ఈ సలహా ఎక్కడ చూసినా కనిపిస్తుంది కానీ ఆఫీసు వీపీఎన్ విషయంలో ఇది రోగానికి మందు కాదు, కొత్త రోగం. ఆఫీసు లోపలి పేర్లు ఆఫీసు డీఎన్ఎస్ సర్వర్‌కి తప్ప ఎవరికీ తెలియవు. గూగుల్‌ని అడిగితే అలాంటి పేరే లేదంటుంది, దాని దృష్టిలో అది సరైన జవాబే.

ఐపీతో పోర్టల్ వస్తోందంటే టన్నెల్, అంటే మీ మెషీన్‌కీ ఆఫీసుకీ మధ్య వీపీఎన్ వేసిన దారి, బాగానే ఉంది. ఇక తేల్చాల్సింది మూడే: మీ మెషీన్ ఏ సర్వర్‌ని అడుగుతోంది, ఆ ప్రశ్న ఏ దారిన పోతోంది, తిరిగొచ్చే జవాబు ఏ రకం. ఇవి తేలకుండా రీసెట్లు కొట్టుకుంటూ పోతే సమస్య ఒకరోజు దానంతటదే పోతుంది, మరుసటి వారం దానంతటదే వస్తుంది.

కమాండ్లు ఇక్కడ పలికినట్టే తెలుగులో రాశాను. మీరు ఇంగ్లీషు అక్షరాల్లో, గీతలూ చుక్కలూ ఉన్నవి ఉన్నట్టుగా టైప్ చేయాలి. ఉదాహరణకి ఆఫీసు డీఎన్ఎస్ సర్వర్ 10.10.0.53 అనుకుందాం, లోపలి డొమైన్ కార్ప్.ఇంటర్నల్ అనుకుందాం. మీ ప్రొఫైల్‌లో ఉన్నవాటితో మార్చుకోండి.

సర్వర్ అసలు అందిందా

వీపీఎన్ కనెక్ట్ చేసి, కమాండ్ ప్రాంప్ట్‌లో ఐపీకాన్ఫిగ్ /ఆల్ కొట్టండి. చాంతాడంత లిస్టు వస్తుంది. అందులో టన్నెల్ అడాప్టర్ ఎక్కడుందో చూడండి. ఓపెన్‌వీపీఎన్ అయితే దాని వివరణలో టాప్-విండోస్, విన్‌టన్ లేదా డేటా చానెల్ ఆఫ్‌లోడ్ అని ఉంటుంది. దాని కింద డీఎన్ఎస్ సర్వర్స్ అనే వరుసలో 10.10.0.53 ఉండాలి.

ఆ వరుసే లేకపోతే ఓపెన్‌వీపీఎన్ లాగ్ తెరవండి (ట్రేలోని ఐకాన్ మీద రైట్ క్లిక్, వ్యూ లాగ్). పుష్_రిప్లై అనే మాట వెతకండి. సర్వర్ మీకు పంపిన సెట్టింగులన్నీ ఆ ఒక్క వరుసలో కామాలతో ఉంటాయి, ఇలా:

పుష్_రిప్లై, రూట్ 10.10.0.0 255.255.0.0, డీహెచ్‌సీపీ-ఆప్షన్ డీఎన్ఎస్ 10.10.0.53, డీహెచ్‌సీపీ-ఆప్షన్ డొమైన్ కార్ప్.ఇంటర్నల్

డీహెచ్‌సీపీ-ఆప్షన్ డీఎన్ఎస్ అనే ముక్క లేకపోతే తప్పు మీ మెషీన్‌ది కాదు, సర్వర్ పంపట్లేదు. ఆఫీసు ఐటీ వాళ్లు సరిచేసేదాకా మీ ప్రొఫైల్ ఫైల్ చివర ఆ ఆప్షన్‌ని మీరే ఒక వరుసగా చేర్చుకోవచ్చు, పనిచేస్తుంది. అదే వరుసలో రూట్ ముక్కనీ (ఏ అడ్రస్‌లు టన్నెల్‌లో పోవాలో చెప్పేది) చూడండి. డీఎన్ఎస్ సర్వర్ ఐపీ ఆ రూట్ల పరిధిలో ఉందా? 10.10 రూట్ ఇచ్చి, డీఎన్ఎస్ మాత్రం 10.20.0.53 అని పంపిన సర్వర్లు ఉంటాయి. అప్పుడు మీ ప్రశ్న టన్నెల్‌లోకి కాకుండా ఇంటి రూటర్ వైపు పోయి అక్కడే గాల్లో కలుస్తుంది.

జవాబు ఏ రకమో చూడండి

ఇప్పుడు ఆఫీసు సర్వర్‌నే నేరుగా అడగండి:

ఎన్ఎస్‌లుకప్ పోర్టల్.కార్ప్.ఇంటర్నల్ 10.10.0.53

ఐపీ వచ్చిందంటే సర్వర్ బాగుంది, దారీ బాగుంది. విండోస్ మామూలుగా ఇంకెవరినో అడుగుతోందన్నమాట. తర్వాతి భాగం మీ కోసమే.

రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్ అని వస్తే ప్రశ్న చేరట్లేదు, లేదా జవాబు తిరిగి రావట్లేదు. రూటింగో, ఫైర్‌వాలో. డీఎన్ఎస్ సెట్టింగులు ఎంత మార్చినా ఉపయోగం లేదు.

నాన్-ఎగ్జిస్టెంట్ డొమైన్ అంటే సర్వర్ పలికింది, ఆ పేరు తన దగ్గర లేదంది. పేరు సరిగ్గా కొట్టారా చూడండి. సరిగ్గానే కొట్టి ఉంటే అది మీకు కావలసిన సర్వర్ కాదు.

క్వెరీ రెఫ్యూజ్డ్ వస్తే సర్వర్ మిమ్మల్ని గుర్తించి మరీ పొమ్మంటోంది. బైండ్ అనే డీఎన్ఎస్ సర్వర్ సాఫ్ట్‌వేర్‌లో ఇది తరచూ జరుగుతుంది. రికర్షన్‌కి (తన దగ్గర లేని పేర్లని వేరే సర్వర్లని అడిగి చెప్పడానికి) అది డిఫాల్ట్‌గా తన సొంత నెట్‌వర్క్‌లనే అనుమతిస్తుంది, వీపీఎన్ క్లయింట్లకి ఇచ్చే అడ్రస్ పరిధి వేరే అయితే తలుపు మూసేస్తుంది. సర్వర్ కాన్ఫిగ్‌లో అలౌ-క్వెరీ, అలౌ-రికర్షన్ లిస్టుల్లో ఆ పరిధి చేర్చాలి. మీ వైపు నుంచి చేయగలిగింది ఏమీ లేదు.

ఎన్ఎస్‌లుకప్ మొదటి వరుసలో సర్వర్: అన్‌నోన్ అని కనిపిస్తే కంగారు పడకండి. ఆ సర్వర్ ఐపీకి రివర్స్ పేరు ఎవరూ పెట్టలేదని అర్థం, అంతే. దానికీ మీ సమస్యకీ సంబంధం లేదు.

ఎన్ఎస్‌లుకప్ తనంతట తానే సర్వర్‌తో మాట్లాడుతుంది. విండోస్ కాష్‌ని (పాత జవాబులు దాచుకునే చోటు), హోస్ట్స్ ఫైల్‌ని, పేరును బట్టి సర్వర్‌ని ఎంచుకునే ఎన్ఆర్‌పీటీ పట్టికని అది చూడదు. అందుకే ఎన్ఎస్‌లుకప్‌లో పేరు దొరికి బ్రౌజర్‌లో దొరకకపోవడం, లేదా దానికి తలకిందులుగా జరగడం మామూలే. బ్రౌజర్లూ మిగతా ప్రోగ్రాములూ చూసే దారిలోనే చూడాలంటే పవర్‌షెల్‌లో రిజాల్వ్-డీఎన్ఎస్‌నేమ్ పోర్టల్.కార్ప్.ఇంటర్నల్ వాడండి. రెండిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే సగం చిక్కు విడిపోతుంది.

విండోస్ తప్పుడు సర్వర్‌ని అడుగుతుంటే

వీపీఎన్ కనెక్ట్ అయ్యాక మీ మెషీన్‌కి రెండు అడాప్టర్లు, రెండు డీఎన్ఎస్ సర్వర్లు ఉంటాయి: ఒకటి ఇంటి రూటర్ ఇచ్చింది, ఒకటి ఆఫీసుది. ఎవరికి ముందు ప్రాధాన్యం అనేది ఇంటర్‌ఫేస్ మెట్రిక్ అనే అంకె చెబుతుంది. అంకె ఎంత చిన్నదైతే అంత ముందు.

గెట్-నెట్ఐపీఇంటర్‌ఫేస్ -అడ్రస్‌ఫ్యామిలీ ఐపీవీ4

గిగాబిట్ ఈథర్నెట్‌కి 25 కనిపించడం మామూలే. టన్నెల్‌కి కూడా అంతే ఉన్నా, అంతకంటే ఎక్కువున్నా మార్చండి. లిస్టులో టన్నెల్ పక్కనున్న ఐఎఫ్ఇండెక్స్ అంకె చూసుకుని (14 అనుకుందాం), అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచిన పవర్‌షెల్‌లో:

సెట్-నెట్ఐపీఇంటర్‌ఫేస్ -ఇంటర్‌ఫేస్ఇండెక్స్ 14 -అడ్రస్‌ఫ్యామిలీ ఐపీవీ4 -ఇంటర్‌ఫేస్‌మెట్రిక్ 5

మౌస్‌తో చేయాలంటే రన్‌లో ఎన్‌సీపీఏ.సీపీఎల్, టన్నెల్ అడాప్టర్ ప్రాపర్టీస్, ఐపీవీ4 ప్రాపర్టీస్, అడ్వాన్స్‌డ్, ఆటోమేటిక్ మెట్రిక్ టిక్ తీసి 5 పెట్టండి. ఓపెన్‌వీపీఎన్ అడాప్టర్ శాశ్వతంగా ఉంటుంది కాబట్టి ఒకసారి పెడితే నిలుస్తుంది. వైర్‌గార్డ్ లాంటివి కనెక్ట్ అయిన ప్రతిసారీ అడాప్టర్‌ని కొత్తగా పుట్టిస్తాయి, అక్కడ ఈ మార్పు నిలవదు.

మెట్రిక్ మార్చినా ఒకసారి తెరుచుకుని ఒకసారి తెరుచుకోకపోతే, స్మార్ట్ మల్టీ-హోమ్డ్ నేమ్ రిజల్యూషన్ మీద అనుమానం పెట్టుకోండి. విండోస్ 8 నుంచి ఉన్న పద్ధతి ఇది. ఒకే ప్రశ్నని అన్ని అడాప్టర్ల మీదుగా ఒకేసారి పంపుతుంది, ముందు వచ్చిన జవాబుకి విలువిస్తుంది. ఇంటి రూటర్ దగ్గర, ఆఫీసు టన్నెల్ దూరం. ఎవరు ముందు పలుకుతారో చెప్పనక్కర్లేదు. ఒకే పేరుకి లోపల ఒక ఐపీ, బయట ఇంకో ఐపీ పెట్టుకున్న కంపెనీల్లో ఇది బాగా ఇబ్బంది పెడుతుంది. బయటి ఐపీ వస్తుంది, లాగిన్ పేజీ బదులు యాక్సెస్ డినైడ్ కనిపిస్తుంది, మీరు పాస్‌వర్డ్ మార్చుకుంటూ కూర్చుంటారు. పైగా ఆఫీసు లోపలి పేర్లన్నీ మీ నెట్ ప్రొవైడర్ సర్వర్‌కి కనిపిస్తాయి.

ప్రో ఎడిషన్ అయితే జీపీఎడిట్.ఎంఎస్‌సీ తెరిచి కంప్యూటర్ కాన్ఫిగరేషన్, అడ్మినిస్ట్రేటివ్ టెంప్లేట్స్, నెట్‌వర్క్, డీఎన్ఎస్ క్లయింట్ కిందకి వెళ్లి, టర్న్ ఆఫ్ స్మార్ట్ మల్టీ-హోమ్డ్ నేమ్ రిజల్యూషన్ అనేదాన్ని ఎనేబుల్డ్ చేయండి. పేరులోనే టర్న్ ఆఫ్ ఉంది కాబట్టి ఎనేబుల్డ్ అంటే ఆపేయమని. ఇక్కడ చాలామంది డిజేబుల్డ్ నొక్కి, పనిచేయలేదని వదిలేస్తారు. హోమ్ ఎడిషన్‌లో ఆ ఎడిటర్ ఉండదు. రిజిస్ట్రీలో హెచ్‌కే లోకల్ మెషీన్, సాఫ్ట్‌వేర్, పాలసీస్, మైక్రోసాఫ్ట్, విండోస్ ఎన్‌టీ, డీఎన్ఎస్‌క్లయింట్ కింద డిజేబుల్‌స్మార్ట్‌నేమ్‌రిజల్యూషన్ అనే డీవర్డ్ విలువని 1 చేయండి. డీఎన్ఎస్‌క్లయింట్ కీ లేకపోతే సృష్టించుకోవాలి. తర్వాత రీస్టార్ట్.

ఓపెన్‌వీపీఎన్‌లోనే దీనికి ఇంకా సూటి మార్గం ఉంది. ప్రొఫైల్ ఫైల్‌లో బ్లాక్-అవుట్‌సైడ్-డీఎన్ఎస్ అని ఒక్క వరుస చేర్చండి. టన్నెల్ తప్ప మిగతా అడాప్టర్ల మీద డీఎన్ఎస్ వాడే పోర్ట్ 53ని విండోస్ ఫైర్‌వాల్ స్థాయిలోనే మూసేస్తుంది. ట్రాఫిక్ అంతా టన్నెల్‌లో పోయే ప్రొఫైల్‌కి ఇదే నా మొదటి ఎంపిక. కానీ టన్నెల్‌లోంచి ఇచ్చిన డీఎన్ఎస్ సర్వర్ పలకకపోతే ఇక ఏ పేరూ తెరుచుకోదు. మీకు అప్పుడప్పుడు బయటి సైట్లు కూడా ఆగిపోతున్నాయన్నారు కదా, ఆఫీసు సర్వర్ ఈ ఆప్షన్‌ని పుష్ చేస్తోందేమో ఆ పుష్_రిప్లై వరుసలోనే చూడండి. ఉంటే, ఆఫీసు డీఎన్ఎస్ తడబడినప్పుడల్లా మీ ఇంటి నెట్ కూడా దానితోపాటు పడుతోందన్నమాట.

ఆఫీసు పనులు మాత్రమే టన్నెల్‌లో, మిగతాదంతా ఇంటి నెట్‌లో పోయే స్ప్లిట్ టన్నెల్ మీది కావచ్చు. పుష్‌లో రీడైరెక్ట్-గేట్‌వే లేకపోతే అదే. అలాంటప్పుడు అన్ని ప్రశ్నలూ ఆఫీసుకి పంపడం ఎందుకు? కార్ప్.ఇంటర్నల్‌తో ముగిసేవే అటు పోవాలి. దానికే ఎన్ఆర్‌పీటీ ఉంది:

యాడ్-డీఎన్ఎస్‌క్లయింట్‌ఎన్ఆర్‌పీటీరూల్ -నేమ్‌స్పేస్ ".కార్ప్.ఇంటర్నల్" -నేమ్‌సర్వర్స్ "10.10.0.53"

డొమైన్ ముందున్న చుక్క మరవకండి. చుక్క ఉంటేనే దాని కింది పేర్లన్నిటికీ వర్తిస్తుంది, లేకపోతే ఆ ఒక్క పేరుకే. పెట్టాక గెట్-డీఎన్ఎస్‌క్లయింట్‌ఎన్ఆర్‌పీటీపాలసీ కొట్టి రూల్ నిలిచిందో లేదో చూడండి. ఈ రూల్ వీపీఎన్ లేనప్పుడు కూడా అలాగే ఉంటుంది. లోపలి పేర్లు అప్పుడు ఎలాగూ అక్కర్లేదు కాబట్టి నష్టం లేదు. కంపెనీ బయటి వెబ్‌సైట్‌కీ అదే డొమైన్ అయితే మాత్రం వీపీఎన్ తీసినప్పుడు ఆ సైట్ రాదు.

ప్రతి మార్పు తర్వాతా ఐపీకాన్ఫిగ్ /ఫ్లష్‌డీఎన్ఎస్ కొట్టండి. లేదన్న జవాబు కూడా కాష్‌లో ఉంటుంది, దాన్ని చూసి మీరు చేసిన సరైన మార్పునే తప్పనుకుంటారు.

టైమ్ అవుట్ వస్తుంటే: దారి ఎటు పోతోంది

ఫైండ్-నెట్‌రూట్ -రిమోట్ఐపీఅడ్రస్ 10.10.0.53

ఈ కమాండ్ ఆ అడ్రస్‌కి ఏ అడాప్టర్ మీదుగా పోతుందో చెబుతుంది. టన్నెల్ పేరు కనిపించాలి. ఈథర్నెట్ కనిపిస్తే రూట్ లేదు, లేదా ఇంటి నెట్‌వర్క్ దాన్ని మింగేస్తోంది.

మింగేయడం అంటే ఇది. ఇళ్లలో రూటర్లు 192.168.0 లేదా 192.168.1 పరిధిలో వస్తాయి, జియో ఫైబర్ రూటర్ అయితే 192.168.29.1. చిన్న ఆఫీసుల్లోనూ ఎవరో ఎప్పుడో అవే డిఫాల్ట్‌లు ఉంచేశారు. ఆఫీసు డీఎన్ఎస్ 192.168.1.10, మీ ఇంటి నెట్‌వర్క్ కూడా 192.168.1.0/24 అయితే, మీ మెషీన్ ఆ 10వ నెంబరు కోసం ఇంట్లోనే వెతుకుతుంది. అక్కడ ఉన్నది సీసీ కెమెరానో టీవీనో. అది డీఎన్ఎస్ మాట్లాడదు. ఐపీతో పోర్టల్ వస్తుంది (అది వేరే పరిధిలో ఉంది కాబట్టి), పేరుతో రాదు. మీ లక్షణాలకి సరిగ్గా సరిపోయే కారణాల్లో ఇదొకటి.

ఇంటి రూటర్ లాన్ అడ్రస్‌ని 192.168.173.1 లాంటి, ఎవరూ పెట్టుకోని దానికి మార్చడమే సరైన పని. పావుగంట పడుతుంది. ప్రింటర్, కెమెరా లాంటివాటికి చేత్తో ఐపీలు పెట్టి ఉంటే వాటినీ మార్చాలి. రూటర్ ముట్టుకోవడం కుదరని అద్దె ఇంట్లోనో హాస్టల్లోనో ఉంటే ఆ ఒక్క అడ్రస్‌కి /32 రూట్ పెట్టండి: రూట్ యాడ్ 192.168.1.10 మాస్క్ 255.255.255.255, ఆ వెనక టన్నెల్ గేట్‌వే ఐపీ. చిన్న పరిధి రూట్‌కే ఎప్పుడూ ప్రాధాన్యం కాబట్టి అది గెలుస్తుంది. ఇంట్లో అదే నెంబరున్న పరికరం మాత్రం ఈ మెషీన్‌కి కనిపించదు.

లినక్స్‌లో ఇదే చిక్కు డాకర్ (కంటైనర్లు నడిపే సాఫ్ట్‌వేర్) తెచ్చిపెడుతుంది. దాని డిఫాల్ట్ బ్రిడ్జ్ 172.17.0.0/16. ఆఫీసు సర్వర్లు 172.17లో ఉంటే ప్రశ్నలు కంటైనర్ బ్రిడ్జ్‌లోకి పోయి మాయమవుతాయి. ఐపీ రూట్ గెట్ 172.17.4.53 కొడితే డాకర్0 అని కనిపిస్తుంది. /ఈటీసీ/డాకర్/డెమన్.జేసన్‌లో బిప్ విలువ వేరే పరిధికి మార్చి డాకర్ రీస్టార్ట్ చేయండి.

బ్రౌజర్ తన దారి తను చూసుకుంటుంటే

రిజాల్వ్-డీఎన్ఎస్‌నేమ్ సరైన ఐపీ ఇస్తోంది, బ్రౌజర్ మాత్రం సైట్ దొరకలేదంటోంది. దాదాపు ఎప్పుడూ ఇది బ్రౌజర్‌లోని సెక్యూర్ డీఎన్ఎస్ (విండోస్‌ని అడగకుండా బ్రౌజరే నేరుగా ఒక డీఎన్ఎస్ సర్వర్‌ని అడిగే పద్ధతి) పనే. ఇది పోర్ట్ 443 మీద మామూలు వెబ్ ట్రాఫిక్‌లా పోతుంది కాబట్టి పైన చెప్పిన బ్లాక్-అవుట్‌సైడ్-డీఎన్ఎస్‌కి చిక్కదు. క్రోమ్‌లో సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, సెక్యూరిటీ, యూజ్ సెక్యూర్ డీఎన్ఎస్ ఆపి చూడండి. ఫైర్‌ఫాక్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ కింద డీఎన్ఎస్ ఓవర్ హెచ్‌టీటీపీఎస్. మాక్స్ ప్రొటెక్షన్ ఎంచుకుని ఉంటే లోపలి పేర్లు అసలు తెరుచుకోవు. మిగతా బ్రౌజింగ్‌కి అది కావాలనుకుంటే పూర్తిగా తీసేయనక్కర్లేదు, మేనేజ్ ఎక్సెప్షన్స్‌లో కార్ప్.ఇంటర్నల్ చేర్చండి. క్రోమ్‌కి తన సొంత కాష్ కూడా ఉంది: అడ్రస్ బార్‌లో క్రోమ్://నెట్-ఇంటర్నల్స్/#డీఎన్ఎస్ కొట్టి, క్లియర్ హోస్ట్ కాష్.

ఐపీవీ6

జియో లాంటి నెట్‌లలో ఐపీవీ6 (కొత్త తరం ఐపీ అడ్రస్ పద్ధతి) అడగకుండానే వస్తుంది, దానితోపాటు రూటర్ ఒక ఐపీవీ6 డీఎన్ఎస్ అడ్రస్ కూడా అంటగడుతుంది. ఆఫీసు వీపీఎన్ చాలాసార్లు ఐపీవీ4 మాత్రమే. పైన మెట్రిక్ మార్చింది ఐపీవీ4కి మాత్రమే అని గమనించండి. ఐపీవీ6 డీఎన్ఎస్ పక్కనుంచి తన పని తాను చేసుకుపోతుంది. ఎన్ఎస్‌లుకప్ కొడితే సర్వర్ అడ్రస్ ఎఫ్ఈ80తోనో 2405తోనో మొదలవుతుంటే ఇదే కథ. ఈథర్నెట్ ప్రాపర్టీస్‌లో ఐపీవీ6 టిక్ తీసి పరీక్షించండి, కారణం తేలాక మళ్లీ పెట్టేయండి. శాశ్వతంగా తీసేయడం మంచి పద్ధతి కాదు. ఎన్ఆర్‌పీటీ రూల్ ఉంటే ఈ తగాదాయే ఉండదు, పేరుని బట్టి సర్వర్ తేలిపోతుంది కాబట్టి ఏ అడాప్టర్ అన్న ప్రశ్న రాదు.

సగం తెరుచుకుని ఆగిపోతుంటే

పేరు దొరికింది, ట్యాబ్‌లో టైటిల్ కూడా వచ్చింది, చక్రం తిరుగుతూనే ఉంది. ఇది డీఎన్ఎస్ కాదు, ప్యాకెట్ సైజు. టన్నెల్ తన హెడర్లు తగిలించాక పెద్ద ప్యాకెట్లు లైన్‌లో పట్టవు. పీపీపీఓఈ (యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో కలిసే) కనెక్షన్ అయితే 1500 కాదు, 1492తోనే మొదలవుతారు. ఆఫీసు లోపలి ఐపీకి పింగ్ -ఎఫ్ -ఎల్ 1392 కొట్టండి, 28 బైట్ల హెడర్లతో 1420 అవుతుంది. పోకపోతే 1372, 1352 అంటూ తగ్గించుకుంటూ పోయి, పోయిన అంకెకి 28 కలిపితే మీ ఎంటీయూ (దారిలో పట్టే అతి పెద్ద ప్యాకెట్ సైజు). వైర్‌గార్డ్‌లో [ఇంటర్‌ఫేస్] కింద ఎంటీయూ = ఆ అంకె. ఓపెన్‌వీపీఎన్‌లో ఎంఎస్ఎస్‌ఫిక్స్ 1360తో మొదలుపెట్టి చూడండి. ఎంటీయూ 1280 కన్నా కిందకి దించకండి, ఐపీవీ6 పనిచేయదు.

ఉబుంటు, వైర్‌గార్డ్

వైర్‌గార్డ్ ఫైల్‌లో అందరూ జారిపడే చోటు ఒకటే. [ఇంటర్‌ఫేస్] కింద డీఎన్ఎస్ = 10.10.0.53 అని ఉంటుంది, [పీర్] కింద అలౌడ్ఐపీస్‌లో 10.10.5.0/24 మాత్రమే ఉంటుంది. డీఎన్ఎస్ సర్వర్ ఆ పరిధి బయట ఉంది, ప్రశ్న టన్నెల్‌లోకి దిగదు. అలౌడ్ఐపీస్‌లో 10.10.0.53/32 చేర్చండి. అవతలి సర్వర్ ఫైర్‌వాల్ మీ టన్నెల్ పరిధి నుంచి పోర్ట్ 53ని, యూడీపీ, టీసీపీ రెండూ, రానివ్వాలి. యూడీపీ ఒక్కటే తెరిస్తే చిన్న జవాబులు వస్తాయి, పెద్దవి టీసీపీకి మారబోయి అక్కడే ఆగిపోతాయి.

వైర్‌గార్డ్‌ని నడిపే డబ్ల్యూజీ-క్విక్ కొట్టగానే రిజాల్వ్‌కాన్ఫ్ కమాండ్ నాట్ ఫౌండ్ అని వస్తే ఓపెన్‌రిజాల్వ్ ప్యాకేజీ వేయనక్కర్లేదు. ఉబుంటులో డీఎన్ఎస్ పని చూసే సిస్టమ్‌డీ-రిజాల్వ్‌డ్ ఇప్పటికే ఉంది, దానికి ఒక లింక్ చాలు: సుడో ఎల్ఎన్ -ఎస్ /యుఎస్ఆర్/బిన్/రిజాల్వ్‌సీటీఎల్ /యుఎస్ఆర్/లోకల్/బిన్/రిజాల్వ్‌కాన్ఫ్.

కానీ స్ప్లిట్ టన్నెల్ అయితే డీఎన్ఎస్ వరుసనే తీసేయమంటాను. ఆ వరుస ఉంటే డబ్ల్యూజీ-క్విక్ అన్ని పేర్లనీ టన్నెల్ సర్వర్‌కే పంపిస్తుంది, ఇంటి బ్రౌజింగ్ కూడా ఆఫీసు సర్వర్ మీదే ఆధారపడుతుంది. దాని బదులు ఈ రెండు పెట్టండి:

పోస్ట్అప్ = రిజాల్వ్‌సీటీఎల్ డీఎన్ఎస్ %ఐ 10.10.0.53
పోస్ట్అప్ = రిజాల్వ్‌సీటీఎల్ డొమైన్ %ఐ ~కార్ప్.ఇంటర్నల్

డొమైన్ ముందున్న ~ గుర్తుకి అర్థం, ఆ డొమైన్ కింది ప్రశ్నలు ఈ లింక్ (ఇక్కడ లింక్ అంటే నెట్‌వర్క్ అడాప్టర్) సర్వర్‌కే పంపు అని. గుర్తు లేకుండా రాస్తే అది సెర్చ్ డొమైన్ కూడా అవుతుంది, అంటే ఒట్టి పోర్టల్ అని కొట్టినా వెనక కార్ప్.ఇంటర్నల్ తగిలించి వెతుకుతుంది. పొట్టి పేర్లు వాడే ఆఫీసులో గుర్తు లేకుండానే పెట్టండి. తర్వాత రిజాల్వ్‌సీటీఎల్ స్టేటస్ చూస్తే లింక్‌వారీగా ఏ సర్వర్, ఏ డొమైన్ అన్నది వరసగా కనిపిస్తుంది. రిజాల్వ్‌సీటీఎల్ క్వెరీ పోర్టల్.కార్ప్.ఇంటర్నల్ కొడితే ఆ జవాబు ఏ లింక్ మీదుగా వచ్చిందో కూడా చెబుతుంది. విండోస్‌లో లేని సౌకర్యం ఇది.

స్టేటస్ పై భాగంలో రిజాల్వ్.కాన్ఫ్ మోడ్: ఫారిన్ అని ఉంటే ఎవరో /ఈటీసీ/రిజాల్వ్.కాన్ఫ్‌ని చెరిపి సొంతగా రాశారు. వెనకటి ట్యుటోరియల్ చూసి మీరే నేమ్‌సర్వర్ 8.8.8.8 పెట్టి ఉండొచ్చు. మళ్లీ లింక్ చేయండి: సుడో ఎల్ఎన్ -ఎస్ఎఫ్ ../రన్/సిస్టమ్‌డీ/రిజాల్వ్/స్టబ్-రిజాల్వ్.కాన్ఫ్ /ఈటీసీ/రిజాల్వ్.కాన్ఫ్. లోపల 127.0.0.53 కనిపిస్తే అది తప్పు కాదు, అదే ఉండాలి. ఆ ఫైల్‌ని చాటర్ +ఐతో తాళం వేసే సలహా కూడా కనిపిస్తుంటుంది. చేయకండి. ఏ వీపీఎన్‌కీ డీఎన్ఎస్ మార్చే వీలు లేకుండా పోతుంది, ఎందుకో ఆరు నెలల తర్వాత మీకే గుర్తుండదు.

ఉబుంటులో ఓపెన్‌వీపీఎన్‌ని టెర్మినల్ నుంచి నడిపితే సర్వర్ పుష్ చేసిన డీఎన్ఎస్‌ని అది తనంతట తాను పెట్టకపోవచ్చు. ఓపెన్‌వీపీఎన్-సిస్టమ్‌డీ-రిజాల్వ్‌డ్ ప్యాకేజీ వేసి, అందులోని స్క్రిప్టుని ప్రొఫైల్‌లో అప్, డౌన్ వరుసల్లో పెట్టి, స్క్రిప్ట్-సెక్యూరిటీ 2, డౌన్-ప్రీ చేర్చాలి. నెట్‌వర్క్‌మేనేజర్‌లోకి ప్రొఫైల్ ఇంపోర్ట్ చేసుకుంటే ఈ బాధ లేదు. అక్కడ ఎన్ఎంసీఎల్ఐ కనెక్షన్ మాడిఫై ఆఫీస్ ఐపీవీ4.డీఎన్ఎస్-సెర్చ్ "~కార్ప్.ఇంటర్నల్" కొడితే పైన చేసిన పనే అవుతుంది. ఐపీవీ4.డీఎన్ఎస్-ప్రయారిటీ వీపీఎన్‌లకి డిఫాల్ట్‌గా 50, మిగతావాటికి 100. -50 లాంటి రుణ సంఖ్య పెడితే మిగతా సర్వర్లని పూర్తిగా పక్కనపెడుతుంది, మొత్తం ట్రాఫిక్ టన్నెల్‌లో పోయేటప్పుడే అది పెట్టండి.

ఆఫీసు డొమైన్ .లోకల్‌తో ముగుస్తుంటే తలనొప్పి వేరు. 2013లో ఆ పేరుని ఎండీఎన్ఎస్‌కి కేటాయించారు, అంటే పక్కనున్న ప్రింటర్లని వెతుక్కునే పద్ధతికి. /ఈటీసీ/ఎన్ఎస్ఎస్‌స్విచ్.కాన్ఫ్‌లో హోస్ట్స్ వరుసలో ఎండీఎన్ఎస్4_మినిమల్ పక్కన [నాట్‌ఫౌండ్=రిటర్న్] ఉంటే సర్వర్.లోకల్ లాంటి పేరు డీఎన్ఎస్ దాకా రాకుండానే తిరుగుముఖం పట్టవచ్చు. ఆ వరుసలో డీఎన్ఎస్‌ని ముందుకి జరపండి. గెట్‌ఎంట్ హోస్ట్స్ సర్వర్.లోకల్‌తో పరీక్షించండి, అది ప్రోగ్రాములు చూసే దారిలోనే చూస్తుంది.

వీపీఎన్ తీశాక నెట్ పోతుంటే

క్లయింట్ మధ్యలో చచ్చిపోయినా, స్లీప్‌లోకి వెళ్లి లేచినా, అది పెట్టిన సెట్టింగులు తీసేయకుండానే పోతుంది. మెషీన్ ఇంకా 10.10.0.53నే అడుగుతుంటుంది. సెట్-డీఎన్ఎస్‌క్లయింట్‌సర్వర్అడ్రస్ -ఇంటర్‌ఫేస్అలియాస్ "ఈథర్నెట్" -రీసెట్‌సర్వర్అడ్రసెస్ కొడితే డీహెచ్‌సీపీ ద్వారా రూటర్ ఇచ్చినదానికి తిరిగొస్తుంది. అయినా రాకపోతే గెట్-డీఎన్ఎస్‌క్లయింట్‌ఎన్ఆర్‌పీటీరూల్ కొట్టి మీరు పెట్టని రూల్ ఉందేమో చూడండి, ముఖ్యంగా నేమ్‌స్పేస్‌లో ఒట్టి చుక్క మాత్రమే ఉన్నది. ఆ చుక్కకి అర్థం అన్ని పేర్లూ అని. దాన్ని రిమూవ్-డీఎన్ఎస్‌క్లయింట్‌ఎన్ఆర్‌పీటీరూల్‌తో తీసేయండి. నెట్‌ఎస్‌హెచ్ ఇంట్ ఐపీ రీసెట్‌ని చివరిదాకా ముట్టుకోకండి, చేత్తో పెట్టుకున్న ఐపీలన్నీ ఎగిరిపోతాయి.

డబ్ల్యూఎస్ఎల్2 (విండోస్ లోపల లినక్స్ నడిపే సౌకర్యం) కూడా వాడుతుంటే దానికి వేరే చూపు కావాలి. విండోస్ 11 22హెచ్2 నుంచి యూజర్ ఫోల్డర్‌లోని .డబ్ల్యూఎస్ఎల్‌కాన్ఫిగ్‌లో [డబ్ల్యూఎస్ఎల్2] కింద డీఎన్ఎస్‌టన్నెలింగ్=ట్రూ, నెట్‌వర్కింగ్‌మోడ్=మిర్రర్డ్ పెట్టి, డబ్ల్యూఎస్ఎల్ --షట్‌డౌన్ కొట్టండి. అప్పుడు లోపలి లినక్స్ విండోస్ ద్వారానే అడుగుతుంది. లోపల /ఈటీసీ/డబ్ల్యూఎస్ఎల్.కాన్ఫ్‌లో జనరేట్‌రిజాల్వ్‌కాన్ఫ్=ఫాల్స్ ఉంటే తీసేయాలి, లేకపోతే చేత్తో రాసిన పాత ఫైలే రాజ్యమేలుతుంది.

మ్యాక్ వాడేవాళ్లకి: స్కుటిల్ --డీఎన్ఎస్ చూడండి. డిగ్ అక్కడ సిస్టమ్ దారిలో పోదు కాబట్టి దాని జవాబు నమ్మకండి.

మీ విషయానికొస్తే, ముందు ఆ పుష్_రిప్లై వరుస, తర్వాత ఫైండ్-నెట్‌రూట్, ఆ తర్వాత ఎన్ఆర్‌పీటీ. ఈ క్రమంలో వెళ్లండి. అప్పటికీ తేలకపోతే ఐపీకాన్ఫిగ్ /ఆల్‌లో రెండు అడాప్టర్ల భాగం, ఎన్ఎస్‌లుకప్ నేరుగా అడిగినప్పుడు వచ్చిన పూర్తి జవాబు, రిజాల్వ్-డీఎన్ఎస్‌నేమ్ జవాబు, ఇంటి రూటర్ లాన్ పరిధి ఇక్కడ పెట్టండి. పబ్లిక్ ఐపీ, కంపెనీ పేరు, ప్రొఫైల్‌లోని సర్టిఫికెట్ భాగం చెరిపేసి పెట్టండి.